ఉపవాసము – లంఘనము

ఏకాదశినాడు భోజనమెందుకు మానితిరని యడిగినచో, పలమనేరు పుంగనూరు ప్రాంతముల వృద్ధులు వేంకటేశ్వరుని పేరో, శివుని పేరో, ఇంటి యిలవేల్పు పేరో చెప్పుదురు. అదే యిండ్లకు బెంగుళూరు ఉద్యోగములనుండి వారాంతమున వచ్చు యువకులు ఏకాదశి కాని దినములందును ఉదయపు ఫలాహారమును ముట్టరు. వారినడిగినచో గంటల లెక్క వినవచ్చును. మధ్యాహ్నము పన్నెండు మొదలు రాత్రి ఎనిమిదివరకు తినవలెను; తక్కిన పదునారు గంటలు నీళ్ళు మాత్రమే. దీనికి తోడు మిద్దెమీద వ్యాయామము: ఇరువది సెకనులు ఒడలు తెలియనట్లు గెంతుట, పది సెకనులు నిలుచుట, మరల గెంతుట. ఉద్దేశము బరువు తగ్గుట. అవ్వ మానినదియు అన్నమే, మనుమడు మానినదియు అన్నమే. ఇద్దరి కడుపులలోను జరుగు పని యొక్కటే. అట్లయిన రెండును ఉపవాసములేనా?

ఈ ప్రశ్నకు నవ్వుటయే సమాధానమని కొందరు పెద్దల అభిప్రాయము. దేవుని తలపని పస్తునకు పుణ్యమెక్కడిదని వారందురు. కుర్రవారేమో, అవ్వ తెలియక చేసినదానినే తాము తెలిసి చేయుచున్నామందురు. రెండు మాటలును తొందరపాటు మాటలే.

తెలుగువాడు అన్నము మానుటకు ఒక్క పేరుతో తృప్తిపడలేదు. దేవుని కొరకు ఒకపూట తిని యొకపూట మానినచో అది ఒక్కప్రొద్దు. జ్వరము వచ్చి వైద్యుడు మాన్పించినచో లంఖణము. గింజలు లేక మానినచో పస్తు. పూర్తిగా మాని దేవుని సన్నిధిని గడపినచో ఉపవాసము. నాలుగింటను ఖాళీయైనది కడుపే, పేరుమాత్రము మారినది. ఎందుకు మానెనన్నదానినిబట్టి పేరు పెట్టిన జాతికి, ఈ ప్రశ్నకు సమాధానము సగము భాషలోనే దొరకును. ఉపవాసమనగా సమీపమున వసించుట. పాపములనుండి మరలి సద్గుణములతో కూడి యుండుటయే ఉపవాసమనియు, శరీరమును ఎండగట్టుట మాత్రమే ఉపవాసము కాదనియు ధర్మశాస్త్ర నిబంధనకారులు వివరించిరి. లంఘనమునకు అర్థము వేరు. శరీరమునకు లాఘవమును, అనగా తేలికదనమును, కలిగించునది లంఘనము. బరువు తగ్గవలెనను యువకుడు కోరునది సరిగా ఈ లాఘవమే. అతడు చేయుచున్న పనికి శాస్త్రమునందు పేరును స్థానమును ఏనాడో యేర్పడినవి. అతడు దానికి వేరొక పేరు పెట్టుటచేతనే చిక్కు వచ్చినది.

చరకసంహిత సూత్రస్థానమున ఇరువదిరెండవ అధ్యాయము లంఘనమును పదివిధములుగా చెప్పినది. వమన విరేచనాదులైన నాలుగు శోధనములు, దప్పికను ఓర్చుట, గాలి, ఎండ, పాచనము – ఇవి యెనిమిది. చివరి రెండు ఉపవాసము, వ్యాయామము. మిద్దెమీది యువకుడు కొత్తగా కనుగొన్నామనుకొను జంట ఆ పట్టికలో ప్రక్కప్రక్కనే కూర్చున్నది. దానికి ముందరి అధ్యాయము ఇంకను ఆశ్చర్యకరము. అందు నిందితములైన దేహములు ఎనిమిదింటిని చెప్పుచు, చరకుడు మిక్కిలి లావైనవానిని మిక్కిలి బక్కవానిని ఒకే వరుసలో నిలిపెను. లావునకు కారణములుగా అతిభోజనమును, మధుర పదార్థములను, వ్యాయామము లేమిని, పగటినిద్రను, చింతలేని జీవనమును చెప్పి, బీజస్వభావమును గూడ చేర్చెను. తల్లిదండ్రులనుండి వచ్చిన బీజమే కారణమైనపుడు, లావైనవానిని తిండిపోతని హేళన చేయువాని నోటికి చరకుడు తాళము వేసినట్లే గదా! ఈ ఒక్క పదమును పెండ్లిచూపుల పెద్దలు చదివి యుండినచో ఎందరు ఆడుబిడ్డల కన్నీరు తప్పియుండునో.

అట్టివారికి చరకుడు విధించిన ఆహారము చూడదగినది. కొర్రలు, చామలు, అరికెలు, జొన్నలు, యవలు, పెసలు, ఉలవలు. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైనున్న పలమనేరు పీఠభూమిలో, వానకు ఎదురుచూచు మెట్టచేలలో, వీనిలో పెక్కు పండినవి; వీనికి తోడు రాగి. సంగటి ముద్ద, ఉలవచారు, పచ్చిపులుసు – ఇది మొన్నమొన్నటివరకు పేదవాని తిండి. వరియన్నము పండుగకో చుట్టము వచ్చినపుడో. అటుపిమ్మట బియ్యము చౌకయైనది, సంగటి తినుట చిన్నతనమైనది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత, అవే కొర్రలు అందమైన పొట్లములలో బియ్యముకంటె ఎక్కువ వెలకు వచ్చినవి.

పలమనేరు, కుప్పము ప్రాంతముల రైతులకు విడిచి విడిచి తినుట క్రొత్త కాదు. పట్టుపురుగులను పెంచువారు దానిని ప్రతి పంటలోను చూతురు. పురుగు రేయింబవళ్ళు మల్బరీ ఆకు తినును. కొన్నాళ్ళకు తల పైకెత్తి కదలక మెదలక ఉండిపోవును. దీనిని రైతులు జ్వరమందురు. జ్వరములోనున్న పురుగునకు ఆకు వేయరు. అన్నియు లేచినపిదపనే వేయుదురు. ఇట్లు నాలుగు జ్వరములు దాటిన పిమ్మట అది గూడు కట్టును. ఇన్ని లంఖణములు చేసియు ఆ పురుగు చిక్కిపోలేదు. నెలదినములు నిండకముందే పుట్టినప్పటి బరువునకు దాదాపు పదివేల రెట్లు పెరిగినది. లేచిన తరువాత తిన్న ఆకు అంతటిది మరి! ఎనిమిది గంటలలో పదునారు గంటల తిండిని పూర్తిచేయు మనుష్యునకు ఈ పురుగు మంచి గురువు.

ఆధునిక పరిశోధకులును ఇంచుమించు ఇదే చెప్పుచున్నారు. చైనాదేశమున గ్వాంగ్జౌ నగరమున స్థూలకాయులైన 139 మందిని రెండు తెగలుగా చేసి ఒక సంవత్సరము పరీక్షించిరి. రెండు తెగలకును ఆహారపు కాలరీల పరిమితి యొక్కటే. ఒక తెగవారు ఉదయము ఎనిమిది మొదలు సాయంకాలము నాలుగువరకే తినవలెను. రెండవ తెగవారికి వేళ నియమము లేదు. 2022లో ఫలితములు ప్రకటించిరి. వేళ పాటించినవారు సగటున 8 కిలోలును, పాటించనివారు 6.3 కిలోలును తగ్గిరి. ఈ భేదము లెక్కకు రాదగినంతది కాదని తేల్చిరి. అనగా తగ్గించినది తిండి కొలత. గడియారము దానికి చేయూత మాత్రమే. వేళ నియమము వలన కొందరికి కొలత సులువగును. ఆ సులువును కాదనవలసిన పని లేదు. ఏకభుక్తము, నక్తము మొదలైన వ్రతములను ఏర్పరచినవారికి ఈ సులువు తెలియనిది కాదు. మనుష్యునకు "తక్కువ తినుము" అనుటకంటె "ఈ పూట తినకుము" అనుట తేలికగా అర్థమగును.

వ్యాయామము మాట వేరు. ఇరువది సెకనుల శ్రమ, పది సెకనుల విరామము అను లెక్క జపానుదేశపు తబాతా అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1996లో ప్రకటించిన పరిశోధనతో లోకమున వ్యాపించినది. వారు పరీక్షించినది వ్యాయామమునందు ఆరితేరిన యువకులను. కొలచినది దమ్మును దారుఢ్యమును. బరువు తగ్గించుట వారి ప్రశ్న కాదు. తరువాతివారు ఆ ప్రశ్న వేసి చూడగా, కొవ్వు తగ్గుటలో తీవ్రవ్యాయామమునకును నిలుకడగా చేయు మధ్యమ వ్యాయామమునకును పెద్ద భేదము కనబడలేదు. తీవ్రవ్యాయామమునకు పట్టు కాలము మాత్రము తక్కువ. సుశ్రుతుడు తన బలములో సగముమాత్రమే వ్యాయామమునకు వినియోగింపుమనెను. గుండెలోని గాలి నోటికి వచ్చుట, నుదుట చెమట పట్టుట సగబలమునకు గుర్తులు. అటుపైన సాహసము. సాహసము చేయువాడు ఏనుగును ఈడ్వబోయి నశించు సింహమువంటివాడని చరకుని ఉపమానము. పలమనేరు ప్రక్కనున్న కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు చేలలో పడినపుడు చూచినవారికి ఆ ఉపమానము వేరుగా వివరింపనక్కరలేదు. ఇరువది యేండ్ల క్రీడాకారునకు వైద్యపర్యవేక్షణలో తగిన వ్యాయామమును, ఏబది యేండ్లు కుర్చీలో కూర్చున్న గుమాస్తా మొదటిదినముననే పూనుకొనుట వివేకము కాదు. చరకుడు స్థూలునికి వ్యాయామమును విధించుచు, క్రమముగా పెంచుమనియే చెప్పెను. పూర్వము ఏతము త్రొక్కినవారికి, రోకటిపోటు వేసినవారికి శ్రమ విరామము లొకదానివెంట నొకటి సహజముగా వచ్చెడివి. వారికి గడియారమును లేదు, పొట్టయు లేదు.

ఇక అసలు ప్రశ్న. భగవద్గీత ద్వితీయాధ్యాయము నిరాహారుని గురించి ఒక సూక్ష్మమును చెప్పినది. ఆహారము మానినవానినుండి విషయములు తొలగిపోవును గాని వానియందలి రుచి తొలగదు. దీనికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1944–45లో జరిగిన ప్రయోగముకంటె గొప్ప వ్యాఖ్యానము దొరకదు. యుద్ధమున ఆయుధము పట్టమని చెప్పిన యువకులు 36 మంది, ఆకలిగొన్న ప్రజలను మరల కోలుకొనజేయు మార్గము తెలియుటకై, ఆరు నెలలు అర్ధాకలితో నుండుటకు తమంతట తాము ఒప్పుకొనిరి. వారి బరువు నాలుగవవంతు తగ్గెను. తగ్గినకొలది వారి మాటలన్నియు తిండిని గురించియే. కొందరు వంటపుస్తకములను సేకరించి చదువజొచ్చిరి, పళ్ళెములను నాకిరి. ఉద్దేశము పరోపకారమే, త్యాగమును గొప్పదే. ఐనను రుచి వారిని వదలలేదు. గడియారము చూచుచు పన్నెండెప్పుడగునాయని కూర్చున్నవానికి ఆ యుదయమంతయు ఇడ్లీ సమీపముననే వాసము. ఏకాదశినాడు ద్వాదశి పారణకు గారెలా బూరెలా అని లెక్కించు ముసలమ్మయు ఆ యిడ్లీ ప్రక్కనే కూర్చున్నది!

కావున దేవుని పేరు పెట్టినంత మాత్రమున ఒకటి ఉపవాసము కాదు. బరువు కొరకు చేసినంత మాత్రమున రెండవది నింద్యమా? కాదు. మీమాంసకులు ఒక న్యాయము చెప్పుదురు. అగ్నిహోత్రమున హోమము చేయు పెరుగే, ఇంద్రియబలము కోరువానికి వేరొక విధివలన వేరొక ఫలమునిచ్చును. పదార్థమొక్కటే యైనను సంబంధము వేరగుటవలన ప్రయోజనములు రెండు కావచ్చును. అట్లే అభోజనము వ్రతమునకు అంగము కావచ్చును, ఆరోగ్యమునకు సాధనము కావచ్చును. ఆపస్తంబుడు ధర్మసూత్రములందు మామిడిచెట్టును ఉదాహరించెను. పండు కొరకు నాటినవానికి నీడయు సువాసనయు వెంట వచ్చును. ధర్మము నాచరించువానికి అర్థము వెంట వచ్చుట అట్టిది. భక్తుని ఒక్కప్రొద్దులో తగ్గు బరువు ఆ నీడ. నీడ కొరకే చెట్టు నాటినవాడు తప్పుచేసినవాడు కాడు. చిత్తూరు సీమ యెండలో నీడయు చిన్న ఫలము కాదు. నీడను పండని అమ్మినచో తప్పు. కొలతపీట కొరకు చేసిన లంఘనమును వ్రతమని చెప్పుకొని గౌరవము పొందుట, వ్రతము చేసి కొలతపీటను చూచి నిరాశపడుట – రెండును ఆ బేరమే.

ఐతే నీడకు నాటిన చెట్టును ఒకనాడు కాయును. జీవితమున ఎన్నడును ఆకలి నెరుగని యువకుడు పదునారవ గంటలో మొదటిసారి ఆకలి నెరిగెను. 1950వ దశకపు తొలియేండ్లలో రాయలసీమ కరవున గంజికేంద్రములయెదుట నిలిచిన తన తాతతరమువారి పస్తు ఎట్టిదో అతనికి ఆ గంటలో కొంచెమైన తెలియవచ్చును. వారి పస్తునకు పన్నెండు గంటలు కొట్టు గడియారము లేకుండెను. ఈ తలపు వచ్చినచో అతడు మానిన పూట వృథా కాలేదు. రాకున్నచో, ఆరోగ్యము దక్కును, అదియు మేలే.

బరువే ఆరోగ్యమను భ్రమ మాత్రము తగదు. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము క్షయరోగ చికిత్సాలయము 1915లో రోగులను చేర్చుకొనుట మొదలిడినది. మందులు లేని ఆ కాలమున రోగి బరువు పెరుగుటయే బంధువులకు శుభవార్త. అటుతరువాత మద్రాసులో 1956 మొదలు జరిగిన పరిశోధనలో, చికిత్సాలయమున మంచి తిండి తిన్న రోగులు ఇంటనుండి మందు తిన్నవారికంటె ఎక్కువ బరువు పెరిగిరి. రోగము కుదురుటలో మాత్రము ఇరువురును ఇంచుమించు సమానులైరి. నాడు పెరుగుటను చూచి మురిసినవారు, నేడు తగ్గుటను చూచి మురియుచున్నారు.

ధర్మశాస్త్రమునకు ఈ విషయమున చాల దయ కలదు. ఎనిమిదేండ్ల లోపు బాలురను, ఎనుబదేండ్లు నిండినవారిని ఏకాదశీనియమమునుండి విడిచినది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, గురువు మాట, ఔషధము మొదలైన యెనిమిదింటివలన వ్రతభంగము లేదని చెప్పినది. భారతదేశమున పది కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనము తెలిపినది. ఇన్సులిను, చక్కెర తగ్గించు మాత్రలు వాడువారు వైద్యుని అడుగక పూటలు మానినచో స్పృహ తప్పు ప్రమాదము కలదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు ఈ లెక్కలకు దూరముగా నుండవలెను. మందు వేసికొన్న అవ్వ వ్రతము చెడినదని కంటతడి పెట్టవలసిన పని లేదు. శాస్త్రము ఆమె పక్షముననే యున్నది.

ఉపవాసము ముగించుటకును విధి కలదు. ద్వాదశి దాటకమున్నే పారణ చేయవలెను. అతిథి యున్నచో అతడు ముందు. లంఘనపు గడియారమున ఈ అతిథికి చోటు లేదు. భాగవతమున అంబరీషునకు ఈ రెండు నియమములును ఒకదానికొకటి అడ్డుపడినవి. దుర్వాసుడు స్నానమునకు పోయి రాడు. ద్వాదశి గడియలు జారిపోవుచున్నవి. పండితులతో విచారించి, తినినట్లును తిననట్లును అగునని రాజు నీరు మాత్రము పుచ్చుకొనెను. ముని కోపించెను, చక్రము మునిని తరిమెను. ఆయన లోకములన్నియు తిరిగి శరణుకోరి మరలివచ్చుసరికి ఒక సంవత్సరము గడచినది. అన్నాళ్ళును అంబరీషుడు నీటితోనే కాచుకొని యుండెను. ముని పాదములు పట్టుకొని, లోపలికి కొనిపోయి, ముందు ఆయనకు వడ్డించెను. ఆయన తృప్తిగా భుజించి నీవును తినుమనిన పిదప, రాజు విస్తరి ముందు కూర్చుండెను.