జానెడు గట్టు, తట్టెడు మట్టి

కొల్లేటి సరస్సు నుంచి ఉప్పుటేరు సముద్రం వైపు సాగుతూ వంపు తిరిగే ఒకచోట, ఆ ఒడ్డున ఒక ఊరు, ఈ ఒడ్డున ఒక ఊరు ఉండేవట. కొల్లేటి సరుకంతా పడవల మీదే పోయే రోజులు. ధాన్యం, బెల్లం, ఎండుచేప దిగువకి వెళ్లేవి. ఉప్పు, కొబ్బరికాయలు ఎదురొచ్చేవి.

పడమటి ఊరు వంపుకి బయటి వైపు ఉండేది. ఏటి ఉరవడి అంతా ఆ ఒడ్డునే ఒరుసుకుని పోవడంతో అక్కడ ఎప్పుడూ రెండు నిలువుల లోతు. నిండు పడవని గట్టుకి ఆనించి, బల్ల వేసి, బస్తాలు దించుకోవడమే. తూర్పు ఊరు వంపు లోపలి వైపు. ఏరు మోసుకొచ్చిన ఒండ్రంతా అక్కడ దిగబడేది. మోకాలి లోతు నీళ్లు, వాటి కింద నడుంలోతు బురద.

పడమట రేవు దానంతటదే పెరిగింది. కొట్లు వెలిశాయి, సత్రం లేచింది, గుడికి కొత్త ధ్వజస్తంభం వచ్చింది. తూర్పువాళ్లకి మాత్రం ఏటేటా ఒక చాకిరీ ఉండేది. ఎండల్లో ఏరు సన్నగిల్లగానే ఇంటికొక మనిషి పలుగూ తట్టా పట్టుకుని బురదలోకి దిగాలి. గట్టు మీద ఒక ముసలమ్మ కుండ ముందు పెట్టుకుని కూర్చునేది. తట్ట పైకి వచ్చి ఊరుమ్మడి దిబ్బ మీద పడ్డప్పుడల్లా కుండలో ఒక చింతపిక్క వేసేది. ఎవరింటి లెక్క తక్కువైతే ఆ ఇంటి ముందుకి పోయి, ఊరంతా వినేలా అడిగేది. మునసబు ఇంటికైనా అంతే.

పడమటివాళ్లు పడవలో పోతూ నవ్వేవాళ్లు. "ఏమ్మా, మీది రేవా, బురదగుంటా?"

"ఆయ్, బురదగుంటేనండి. అందుకే దిగుతున్నాం" అనేదావిడ, పిక్క వేయడం ఆపకుండానే.

పడమట ఒడ్డున ఇల్లున్న ఒకాయనకి చేపలు ఎండబెట్టే కళ్లం చాలలేదు. తాటిమొద్దులు నాలుగు తెచ్చి, ఏట్లోకి జానెడు ముందుకి పాతి, వెనక మట్టి నింపుకున్నాడు. జానెడే కదా అని ఎవరూ ఏమీ అనలేదు. మరుసటేడు పక్కింటాయన. ఆ పై ఏడు వీధి మొత్తం. అక్కడినుంచి ఏటా తలా ఇంకో జానెడు. కరణం మొదట కేకలేశాడు. తర్వాత ఆలోచించి, జానెడుకి అర్ధరూపాయి చొప్పున శిస్తు రాసుకున్నాడు. శిస్తు కట్టాక అది ఆక్రమణ ఎందుకవుతుంది? ఆస్తి అయింది. కొందరు తమ జానెడు అమ్ముకున్నారు. రేవులో కాలు పెట్టని ఒక పెద్ద ఆసామి అవన్నీ కొన్నాడు.

మొద్దుల సందుల్లో ఒండ్రు చిక్కుకుంది. ఏటి ఊపు అక్కడ తగ్గి, ఏటేటా తవ్విన తూర్పు పల్లం వైపు మళ్లింది. ముందుగా కనిపెట్టింది సరంగులు. గడ వేస్తే నేల తగులుతోందని చెప్పారు. "గడ పొడుగైపోయిందేమో చూసుకోవయ్యా" అని పడమటివాళ్లు వేళాకోళం చేశారు. ఒక ధనుర్మాసంలో కొత్త ధాన్యం పడవలు వరసగా వచ్చి తూర్పు రేవుకి కట్టుకున్నాయి.

ఆ రాత్రి పడమట రచ్చబండ దగ్గర ఒకటే రభస. ఎవర్నడిగినా "ఏడాదికి నాది జానెడే" అన్నాడు. కరణం లెక్క తీసి చదివితే అది అబద్ధమూ కాదు. అన్నీ కలిపితే మాత్రం సగం ఏరు. పెద్ద ఆసామి మెల్లగా లేచి, "అందరూ తీసేస్తే నేనూ తీస్తానండి" అని వెళ్లి పడుకున్నాడు.

చివరికి నలుగురు పెద్దలు ఏరు దాటి ముసలమ్మ దగ్గరికి వెళ్లారు. మీ ఊళ్లో తవ్వడం అలవాటున్నవాళ్లని పంపమ్మా, రెట్టింపు కూలి ఇస్తాం అన్నారు.

"మనుషులకేం బాబూ, పంపుతాను" అందావిడ. "తవ్విన మట్టి ఎక్కడ పోయిస్తారు?"

పెద్దలకి అప్పుడు గుర్తొచ్చింది, తమ ఒడ్డున తట్టెడు మట్టి పోయడానికి కూడా ఎవరిదీ కాని చోటు మిగల్లేదని.

నీతి: రేవుని నిలిపేది దేవుడిచ్చిన లోతు కాదు, ఊరు పెట్టుకున్న కట్టుబాటు.

ఈపాటి నీతి బడిపుస్తకమూ చెబుతుంది. నాకు మాత్రం తూర్పువాళ్ల కష్టం కంటే, అందరికీ చెందిన చోటు ఒక్కటైనా మిగుల్చుకున్న వాళ్ల తెలివే పెద్దదనిపిస్తుంది.

ఇలాంటి తూర్పొడ్డు ఒకటి కొరియాలో నిజంగానే ఉంది. 1876లో జపాన్ ఒత్తిడితో చేసుకున్న గంఘ్వా ఒప్పందం ఆ దేశపు రేవుల్ని తెరిపించింది. ముందు పుసాన్, తర్వాత వొన్సాన్, 1883లో ఇంచియాన్. అప్పటికి ఇంచియాన్ రేవంటే జెముల్పో అనే చిన్న పల్లె. ఆ తీరంలో ఆటుకీ పోటుకీ మధ్య నీటిమట్టం తొమ్మిది మీటర్ల దాకా మారుతుంది. పోటున కనిపించిన సముద్రం ఆటుకల్లా వెనక్కి పోయి, మైళ్ల కొద్దీ బురద బయటపడుతుంది. రేవుకి ఇంతకంటే పనికిరాని చోటు వెతకడం కష్టం. అయినా 1899లో కొరియా మొదటి రైలుదారి అక్కడికీ సియోల్ దిక్కుకీ మధ్యే తెరుచుకుంది. 1918లో రేవుకి లాకు తలుపులు పెట్టారు. మన దవళేశ్వరం కాలువల మీద పడవల్ని మెట్టు ఎక్కించి దించే లాకుల సూత్రమే. లోపల నీరు నిలబెట్టి, ఓడ వచ్చినప్పుడు తలుపు తీసి, బయటి ఆటుపోట్లు లోపలికి తగలకుండా చేయడం. 1974లో యాభై వేల టన్నుల ఓడ పట్టేంత తలుపులు అమర్చారు. రెండు దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి కట్టిన విమానాశ్రయం 2001లో తెరుచుకుంది. ఇప్పుడు ఆ ఊరి జనం ముప్పై లక్షల పైచిలుకు.

అయితే అక్కడ తట్టలు మోసినవాళ్లందరూ ఇష్టపడి మోయలేదు. మొదటి లాకు పని జపాన్ పాలనలో జరిగింది, ఖైదీల చేత కూడా చేయించారు. తర్వాత షాంఘైలో కొరియా ప్రవాస ప్రభుత్వాన్ని నడిపిన కిమ్ గూ 1914లో ఆ రేవు పనిలో మట్టి మోసిన ఖైదీల్లో ఒకడు. కథలో ముసలమ్మ మునసబునీ కూలివాణ్నీ ఒకే కుండలో లెక్కేసింది. చరిత్రలో అలాంటి కుండ అరుదు.

మన వైపు సంగతి చూస్తే, కొల్లేటికి దక్షిణాన బందరు ఉండనే ఉంది. గోల్కొండ సుల్తానుల కాలంలో తూర్పు తీరానికి పెద్ద రేవు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చి దిగారు. అప్పుడూ తీరం మెరకే, పెద్ద ఓడలు దూరాన లంగరేసుకునేవి. పెత్తనం చెన్నపట్నానికి పోయింది, ఒండ్రు పేరుకుంది, 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది. బందరు పడిపోవడానికి ఊరివాళ్ల బద్ధకమే కారణమనడం అన్యాయం. ఉప్పెనకి ఏ కట్టుబాటు అడ్డం పడుతుంది?

ఏలూరు కథ వేరు. సముద్రం లేకుండా రేవైన ఊరది. దవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక గోదావరి కాలువా కృష్ణా కాలువా ఏలూరులో కలుసుకున్నాయి. దవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఆ కాలువల్ని పొలాల కోసం ఎంత తలచాడో పడవల కోసమూ అంత తలచాడు. 1890లలో రైలు వచ్చింది, 1900లో గోదావరి మీద వంతెన పడింది, సరుకు పట్టాలెక్కింది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువల్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఏలూరు మీద ఇప్పుడు సరుకు పోయేది లారీల్లోనే.

ఇక కొల్లేరు. ఇక్కడ జానెడు గట్టు కథ కాదు. 1970లలో సర్కారే సహకార సంఘాల పేరుతో చేపల చెరువులు తవ్వించింది. తర్వాత గట్లు పెరిగాయి, చేతులు మారాయి. 1999లో అయిదో కాంటూరు అనే ఎత్తు గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాకి ఎక్కింది, 2006లో చెరువుల గట్లు పేల్చేశారు. మళ్లీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లన్నిటికీ సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరు ఒకటిన విజయవాడని ముంచిన బుడమేరు చేరేదీ ఈ కొల్లేటికే.

ఇంచియాన్ మాత్రం తక్కువ తిందా అంటే, సోంగ్డో అనే కొత్త పట్నాన్ని బురదనేల పూడ్చే కట్టింది. ఆ బురదని నమ్ముకున్న నల్లమూతి తెడ్డుకొంగలకి చోటు కరువైంది. మిగిలిన బురదలో ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర 2014లో రామ్‌సర్‌లోకి చేరింది. మన కొల్లేటి ఆటపాకలో ఉండే గూడబాతులకి బంధువుల లాంటివే ఆ కొంగలు. తూర్పొడ్డువాళ్లు కూడా గెలిచాక మొద్దులు పాతడం మొదలుపెడతారన్నమాట.

ఉప్పుటేరు పూడిక తీయాలి, వెడల్పు చేయాలి అని ప్రతి వరదకీ అంటూనే ఉంటాం. తీసిన మట్టి ఎక్కడ పోస్తారని ముసలమ్మలా అడిగితే, ఇప్పటికైతే జవాబు కొల్లేటి గట్లు ఉన్నవాళ్ల దగ్గరే ఉంది. వందల ఎకరాల చెరువు గట్టున్నవాడినీ, దోనె మీద వల విసిరి పూట గడుపుకునేవాడినీ ఒకే గాట కట్టి "అందరూ తీస్తే నేనూ తీస్తా" అనే మాట మాత్రం ఇకమీదట చెల్లనివ్వకూడదు. మొదటి గట్టు తెగాల్సింది పెద్ద ఆసామిది.