ఆగిన గుండె – ఆపరాని చేతులు

గుండె ఆగినవాడు మృతుడేనా? పూర్వము నాడి అందలేదనగానే ఇంటివారు శోకమున మునిగెడివారు. 1960లో అమెరికా దేశపు బాల్టిమోరు నగరమున కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు, రొమ్ము కోయకయే పైనుండి చేతులతో అదిమి రక్తమును నడిపింపవచ్చునని ప్రకటించిరి. పాత సమాధానము నాటితో చెల్లకపోయెను.

నేడు ఆసుపత్రి అత్యవసర విభాగమున పెద్దలకు నిమిషమునకు 100 నుండి 120 మార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గని లోతున రొమ్మును అదుముదురు. పక్కటెముకలు విరుగుటయు కలదు. గుండె లయ తప్పి వణకుచున్నచో విద్యుదాఘాతమిత్తురు. చూచు బంధువులకది శవహింసగా తోచును. “పోయినవానినేల బాధింతురు?” అని అడ్డుపడుదురు. ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు, అది ప్రేమయే. కాని తొందరపడిన ప్రేమ ఇంకను పోనివానిని పంపివేయును. (మన భాషలో “పోయెను” అనుమాట ఒక్క క్షణమును చెప్పును, మరణమునకు మాత్రము కొన్ని నిమిషములు పట్టును.)

గుండె మరల కొట్టుకొనినంతమాత్రమున మనిషి దక్కినట్లు కాదు. రక్తమందని మెదడు కొలది నిమిషములలోనే చెడనారంభించును. గుండె కదలియు తెలివి రాక, కొన్ని దినములకు మరణించువారు పెక్కురు. ఎప్పుడు మొదలిడవలెనో శాస్త్రము స్పష్టముగా చెప్పును. ఎప్పుడు ఆపవలెనో అంత స్పష్టముగా చెప్పదు. శక్తికొలది శ్రమించి ఆపిన వైద్యుని హంతకుడనుట అన్యాయమని నా తలంపు.

అతని చేతికి రోగి చేరులోపలనే సగము తీర్పు జరిగిపోవుచున్నది. ఇంటిలో, అంగడిలో కూలినవాని చుట్టు నిలిచినవారికి రొమ్ము అదుముట తెలియదు. అది నేర్చుటకు ఒక పూట చాలును.