మోచేయి నొప్పి: పాత కర్మా, పని భారమా?



ఉపాసక, ఉపాసికలారా,

మీలో తాపీ పట్టేవాళ్లున్నారు, బట్టలు పిండేవాళ్లున్నారు, వీధులు ఊడ్చేవాళ్లున్నారు, సాయంత్రం షటిల్ ఆడే ఉద్యోగులూ ఉన్నారు. మోచేయి బయటి వైపు నెలల తరబడి సలుపుతోందా? నీళ్ల చెంబు ఎత్తినా, తడిగుడ్డ పిండినా ప్రాణం విలవిల్లాడుతోందా? అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఓ మాట అంటారు: "ఏ జన్మలో చేసుకున్నదో, అనుభవించక తప్పదు." దీక్ష తీసుకున్న ఇళ్లలో కూడా ఈ మాట ఇంకా వినబడుతోంది. ఇది ధమ్మమేనా?

మోలియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఇదే అడిగాడు. మనిషి పడే ప్రతి వేదనా పూర్వకర్మ ఫలమేనని కొందరంటున్నారు, తమరేమంటారని. అలా అనడం తప్పని బుద్ధుడు చెప్పాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బ తగలడం, కర్మఫలం అని ఎనిమిది కారణాలు లెక్కపెట్టాడు. కర్మ అందులో ఒకటి మాత్రమే.

బాబాసాహెబ్ ఇంకో అడుగు ముందుకేశారు. 1957లో వెలువడిన 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని తోసిపుచ్చారు. పేదల దుస్థితికి బాధ్యత నుంచి రాజ్యం, సమాజం తప్పించుకోవడానికే అది పనికొస్తుందన్నారు. మన మోచేయికీ ఇదే వర్తిస్తుంది. విశ్రాంతి లేకుండా పని చేయించుకుని, "నీ కర్మ" అని చేతులు దులుపుకోవడం ఎంత సులువు!

మరి అసలు కారణమేంటి? మణికట్టును పైకెత్తే కండరాల స్నాయువు మోచేయి బయటి ఎముకకు అతుక్కుని ఉంటుంది. పట్టు బిగించి మెలితిప్పే పని అదేపనిగా చేస్తే అది దెబ్బతింటుంది. దీన్నే టెన్నిస్ ఎల్బో అంటారు. టెన్నిస్ ముఖం చూడనివాళ్లకే ఇది ఎక్కువ! చాలామందికి నెలలు పట్టినా తగ్గుతుంది.

ఇక్కడా మధ్యమ మార్గమే. పంటి బిగువున భరిస్తూ అదే పని చేయడం ఒక అతి. చేయి కదపకుండా కూర్చోవడం ఇంకో అతి. బరువు ఎత్తేటప్పుడు అరచేయి పైకి ఉండేలా ఎత్తండి. మధ్యమధ్య చేయి మార్చండి. ముంజేయిని బల్లమీద ఆనించి, అరచేయి కిందికి పెట్టి, చిన్న నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, మెల్లగా దించండి. కొంచెం నొప్పి ఉండొచ్చు, మర్నాటికి పెరగకూడదు. స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు హాయినిచ్చినా, నొప్పి తిరగబెట్టే అవకాశం ఎక్కువ. తిమ్మిరి, వాపు ఉన్నా, కిందపడ్డాక మొదలైనా డాక్టరుకు చూపించండి.

బుద్ధుడు రెండు బాణాల సంగతి చెప్పాడు. ఒంటికి తగిలింది మొదటిది. "నా బతుకింతే, నేనెందుకూ పనికిరాను" అని కుమిలిపోవడం రెండోది, దాన్ని మనమే గుచ్చుకుంటాం. అది తీసేయండి. కానీ ధ్యానం చేస్తే చాలు, మొదటి బాణాన్ని పట్టించుకోనక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అది కూడా పాత కర్మ మాటకు కొత్త వేషమే.

జబ్బుపడి దిక్కులేకుండా ఉన్న భిక్షువుకు బుద్ధుడు, ఆనందుడు స్వయంగా స్నానం చేయించారు. నాకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి చేయండన్నాడు బుద్ధుడు. కాబట్టి ఈ రాత్రి ఇంట్లో గుడ్డలు పిండే చేతిని ఒకసారి అడగండి, "నొప్పిగా ఉందా?" అని. రేపు ఆ బకెట్ మీరెత్తండి. ధమ్మం అక్కడే మొదలవుతుంది.

జై భీమ్! నమో బుద్ధాయ!