నీడకు పట్టా ఎవరిది?

చెట్టు నాది, జాగా నాది, మరి కొట్టడానికి ఆఫీసు అనుమతి ఎందుకు? గద్వాలలోనో వనపర్తిలోనో ఇల్లు కట్టుకునే ఎవరైనా అడిగే మాటే. అడగాల్సిందేనంటుంది 2002 నాటి వాల్టా చట్టం. నాకూ అది న్యాయమే అనిపిస్తుంది. వేపచెట్టు మొదలు నా పట్టాలో ఉన్నా, నీడ గోడ దాటి బజ్జీల బండి మీద పడుతుంది. కానీ ఆ బండాయన్ని అడగమని ఏ ఫారమూ చెప్పదు.

2019 మున్సిపల్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంటుంది. మంచిదే. కానీ ఆ మొక్క నీడిచ్చేసరికి బండాయన ముసలోడైపోతాడు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో సెలైన్ బాటిళ్లతో చెదల మందు ఎక్కించారు. పేరున్న చెట్టుకు వైద్యం దొరికింది, పేరులేని వేపకు?

అనుమతి కాగితం జరిమానా తప్పిస్తుంది, బాకీ తీర్చదు. తీగలకు తగిలే కొమ్మ కొడితే సరిపోతుందా అని ముందు చూడాలి. మొత్తం కొట్టక తప్పదంటే, గొడ్డలి కంటే ముందు బండాయనకు కబురు వెళ్లాలి.