కన్నతల్లి మాట మీ ఇంట్లో ఉండనివ్వు

అమ్మలూ,

పాప ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నీ గొంతే మారిపోయింది. ఫోన్లో వింటుంటేనే నాకు కడుపు నిండుతోంది. బారసాలకి ఎలాగూ వస్తాను. కానీ మొన్న ఫోన్ పెట్టేసే ముందు నువ్వు అడిగిన సంగతి నలుగురి మధ్య కూర్చుని మాట్లాడేది కాదు, అందుకే రాస్తున్నాను. "పెద్దమ్మా, పాపకి నిజం చెప్పాలా? ఇక ఆ ఊసే ఎత్తొద్దని అందరూ అంటున్నారు" అన్నావు.

చెప్పాలి తల్లీ. చెప్పి ఊరుకుంటే కూడా సరిపోదు. పాపను కన్న మనిషి గురించి మీ ఇంట్లో ఒక మంచి మాట ఎప్పుడూ ఉండాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఎందుకో, ఎలాగో కాస్త ఓపిగ్గా చదువు.

ముందు నీ సంగతి. నొప్పులు పడలేదు, చనుబాలు ఇవ్వలేదు, నేను నిజంగా తల్లినయ్యానా అని రాత్రిళ్లు అనిపిస్తోందన్నావు. కన్నవాళ్లకూ అలా అనిపిస్తుందమ్మా. బిడ్డను చేతిలో పెట్టిన క్షణానే ప్రేమ పొంగిపోవాలని సినిమాలు చెబుతాయి. చాలామంది తల్లులకు అది మెల్లగానే వస్తుంది. ఇది ఆకలి ఏడుపు, ఇది నిద్ర ఏడుపు అని నువ్వు ఇప్పటికే పోల్చుకుంటున్నావు. కొత్తవాళ్లు ఎత్తుకుంటే పాప మెడ తిప్పి నీకోసం వెతుకుతోందని నువ్వే చెప్పావు. తల్లితనం అంటే ఇదే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించి 2009లో ఒక సంగతి తేల్చారు. ఏడాది నిండకముందే దత్తతకు వచ్చిన పిల్లలు, కన్నవాళ్ల దగ్గర పెరిగే పిల్లలకు ఏమాత్రం తీసిపోకుండా పెంచినవాళ్లతో గట్టి అనుబంధం పెంచుకుంటారట. మన పాపకి ఎనిమిది నెలలే. ఆ బెంగ పక్కన పెట్టు.

ఇంకొకటి. దత్తత తీసుకున్న తల్లుల్లోనూ మొదటి నెలల్లో దిగులు కమ్ముకోవడం ఉంది, పరిశోధకులు దాన్నీ గుర్తించారు. ఇన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్నావు, ఇంకా ఏడుపేంటని ఎవరైనా అంటే పట్టించుకోకు. నిద్ర పట్టక, తిండి సహించక, దేనిమీదా మనసు లేక రెండు వారాలు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లు. టెలీ మానస్ వాళ్ల 14416 నంబరుకి ఏ వేళ చేసినా తెలుగులోనే మాట్లాడతారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక పాపను కన్నతల్లి సంగతి. మీ ఫైల్లో 'సరెండర్ చేసిన బిడ్డ' అని రాసుందన్నావు. ఆ మాట వెనక ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, బిడ్డను అప్పగించడానికి వచ్చిన ఆడపిల్లల పక్కన కూర్చోవడమే నా పని. ఒకమ్మాయి నాకిప్పటికీ కళ్లల్లో మెదులుతుంది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. బాలల సంక్షేమ సమితి ముందు కాగితం మీద సంతకం పెట్టేదాకా తల ఎత్తలేదు. పెట్టాక మాత్రం వరసగా అడిగింది. ఏ పాలు పడతారు? పక్కతడిపితే వెంటనే మారుస్తారా? రాత్రి దీపం ఉంచుతారా, చీకట్లో పడుకోదు అంది. పాప మొలతాడు సర్దింది. బుగ్గన దిష్టిచుక్క చెరిగిపోతే తన కాటుకతోనే మళ్లీ పెట్టింది. గుమ్మం దాటాక వెనక్కి వచ్చి, దగ్గుకి వేసే మందు పేరు చెప్పి వెళ్లింది. ఈ మనిషి బిడ్డను వద్దనుకుందని ఎలా అనగలం? ఆమెకు వద్దనిపించింది బిడ్డ కాదమ్మా, ఆ బిడ్డను దగ్గరుంచుకుంటే ఊళ్లో, ఇంట్లో పడాల్సిన పాట్లు.

చట్టం కూడా ఇలాంటి తల్లికి కొంత వ్యవధి ఇచ్చింది. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం, సంతకం పెట్టిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఉంటాయి. ఆ గడువు దాటాకే బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తారు. మీ పాప విషయంలోనూ ఆ రోజులు గడిచాయి. అన్ని రోజులూ పాపను కన్న ఆమె ఎలా గడిపి ఉంటుందో ఒక్కసారి ఆలోచించు.

బిడ్డను ఇచ్చేసిన తర్వాత ఈ తల్లులు ఎలా బతికారని లోకం చాలాకాలం అడగనే లేదు. మరిచిపోయి మళ్లీ పెళ్లి చేసుకుని సుఖంగా ఉంటారని పెద్దలు అనేసుకున్నారు. ఆస్ట్రేలియాలో వింక్లర్, వాన్ కెప్పెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ తల్లులనే నేరుగా అడిగారు. 1984లో వాళ్ల నివేదిక వచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న బాధ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుందని అనుకున్నవాళ్ల అంచనా తప్పింది. చాలామందిలో తగ్గలేదు, కొందరిలో పెరిగింది. మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక్క మనిషైనా లేనివాళ్లు మరీ నలిగిపోయారు. బిడ్డ ఎక్కడో క్షేమంగా ఉందని ఒక్క కబురు తెలిస్తే చాలు, గుండె బరువు దిగుతుందని వాళ్లు చెప్పారు. ఆ దేశంలో పెళ్లికాని తల్లుల దగ్గర బలవంతంగా సంతకాలు చేయించి బిడ్డల్ని తీసుకున్న రోజులున్నాయి. అందుకు 2013 మార్చి 21న ప్రధాని జూలియా గిలార్డ్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. ఆ తల్లులు అప్పటికి ముసలివాళ్లయ్యారు.

మన దగ్గరా ఇలాంటి గాయం ఉంది. 1999లోనూ 2001లోనూ, నల్లగొండ వైపు తండాల నుంచి లంబాడా ఆడశిశువుల్ని దళారులు డబ్బు చేతిలో పెట్టి తీసుకుపోవడం, వాళ్లను దత్తత పేరుతో విదేశాలకు పంపడం బయటపడింది. "లంబాడీలు పిల్లల్ని అమ్ముకుంటున్నారు" అని ఊరూవాడా తిట్టిపోశారు. గీతా రామస్వామి లాంటివాళ్లు తండాలకు వెళ్లి, వాళ్ల మధ్య కూర్చుని రాశారు కాబట్టి లోపలి కారణాలు తెలిశాయి. కరువు, వరసగా ఆడపిల్లలు, ఆ సమాజంలోకి కొత్తగా వచ్చిపడ్డ వరకట్నం. దళారి ముందు వేలిముద్ర వేసిన ఆ తల్లికి, కాగితంలో ఏం రాసుందో చదివి చెప్పినవాళ్లు ఎవరు? తిట్టేముందు ఆ ప్రశ్న అడగాలి. నువ్వు చట్టప్రకారం, వరసలో నిలబడి, అన్ని పరిశీలనలూ దాటి పాపను తెచ్చుకున్నావు. ఆ దారి అంత గట్టిగా, అంత ఆలస్యంగా నడుస్తున్నందుకు ఇన్నాళ్లూ విసుక్కున్నావు కదా. ఇలాంటి తల్లుల కడుపుకోతను చూశాకే ఆ గట్టిదనం అవసరమని నాకు అర్థమైంది.

ఇప్పుడు నీ అసలు భయానికి వస్తాను. కన్నతల్లి ఊసెత్తితే పాప మనసు అటు లాగుతుందని, తల్లి ఎవరన్న అయోమయంలో పడుతుందని మీ అత్తగారు అన్నారట. ఆవిడ భయంలోనూ ప్రేమే ఉంది, కాదనను. కానీ దీన్నీ చూసినవాళ్లున్నారు. అమెరికాలో గ్రోటవాంట్, మెక్‌రాయ్ అనే పరిశోధకులు 1980ల నడుమ మొదలుపెట్టి 190 దత్తత కుటుంబాలనూ, 169 మంది కన్నతల్లులనూ ఏళ్ల తరబడి అనుసరించారు. కన్నతల్లి సంగతి తెలిసిన పిల్లలు, ఆమెను కలుస్తూ ఉన్న పిల్లలు కూడా, తమ అమ్మానాన్న ఎవరన్న విషయంలో అయోమయపడలేదు. కన్నవాళ్లతో రాకపోకలున్న ఇళ్లలోనే, ఎప్పటికైనా వచ్చి బిడ్డను తీసుకుపోతారన్న భయం పెంచినవాళ్లకి తక్కువగా కనిపించింది. బిడ్డ క్షేమం తెలుస్తూ ఉన్న కన్నతల్లులు దుఃఖం నుంచి మెరుగ్గా తేరుకున్నారు. మన దేశంలో ఆ రాకపోకల పద్ధతి లేదు, ఆమె పేరూ ఊరూ నీకు తెలియవు. అయినా భయాన్ని పెంచేది దాపరికమేనన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

నువ్వు చిన్నప్పుడు కర్ణుడి కథ చెప్పించుకునేదానివి, గుర్తుందా? కుంతి రహస్యం దాచి ఎవరిని కాపాడగలిగింది? నిండు సభలో కొడుకుని సూతపుత్రుడని ఎగతాళి చేస్తుంటే నోరు విప్పలేకపోయింది. ధర్మరాజుకి ఆ సంగతి యుద్ధం ముగిశాక, తర్పణాల వేళ తెలిసింది. ఉద్యోగపర్వంలో కృష్ణుడు వచ్చి, నువ్వు కుంతి కొడుకువి, రాజ్యం నీదే రమ్మన్నప్పుడు వ్యాసుడి కర్ణుడు ఏమంటాడో చూడు. నన్ను చూడగానే రాధకి పాలు చేపుకొచ్చాయి, నా మలమూత్రాలెత్తింది ఆమె, ఆమెకు పిండం పెట్టకుండా ఎలా ఉంటాను అంటాడు. ఎవరు కన్నారో తెలిసినందువల్ల రాధ మీద ప్రేమ ఇసుమంతైనా తగ్గలేదు. మనకి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఎందుకు?

సరే, ఎప్పుడు చెప్పాలి? ఇప్పుడే మొదలుపెట్టు. పాపకేం అర్థమవుతుందని అడుగుతావు. ఆమెకు కాదు, నీ నోటికి అలవాటవడానికి. స్నానం చేయించేటప్పుడో, జోకొట్టేటప్పుడో, "నువ్వు ఇంకో అమ్మ కడుపులో పుట్టావు, మా ఇంటికి వచ్చి మా బంగారం అయ్యావు" అంటూ ఉండు. డేవిడ్ బ్రాడ్జిన్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలకు దత్తత ఏ వయసులో ఎంత అర్థమవుతుందో పరిశీలించాడు. నాలుగైదేళ్లప్పుడు కథ గడగడా అప్పజెబుతారు గానీ లోతు తెలియదు. ఆరేడేళ్లకు కడుపున పుట్టడం వేరు, దత్తత వేరు అని తెలుస్తుంది. ఎనిమిదేళ్లు దాటాక అసలు ప్రశ్న తడుతుంది: నన్ను తెచ్చుకున్నారంటే, ముందు ఎవరో ఇచ్చేశారన్నమాటేగా? అప్పుడు పిల్ల ముభావంగా మారవచ్చు, చీటికీమాటికీ అలగవచ్చు. నీ పెంపకంలో లోపం వెతుక్కోకు. ఆమె తెలివి ఎదుగుతోందని అర్థం. పక్కన కూర్చో, అడగనివ్వు, ఏడ్వనివ్వు. నువ్వూ ఆమెను కన్న మనిషి కోసం రెండు కన్నీటి చుక్కలు కారిస్తే తప్పేం లేదు.

ఏం చెప్పాలన్నదీ ముఖ్యమే. పారేశారు, వదిలించుకున్నారు అన్న మాటలు మీ ఇంట్లో వినపడకూడదు. "నిన్ను మేం కాపాడాం" అని కూడా అనొద్దు. పిల్ల నెత్తిన జీవితాంతం రుణం పెట్టినట్టవుతుంది. కన్నతల్లి చచ్చిపోయిందని అబద్ధం ఆడొద్దు. గొప్పింటి పిల్ల అనో, కాలేజీ అమ్మాయి అనో కథ కట్టొద్దు. తెలిసింది చెప్పు, తెలియనిది తెలియదని చెప్పు. "ఎందుకు పెంచుకోలేకపోయిందో నాకు తెలియదమ్మా. నువ్వు బాగుండాలనే పెద్దవాళ్ల దగ్గరికి తెచ్చి అప్పగించింది. అది మాత్రం తెలుసు." ఎనిమిదేళ్ల పిల్లకి ఇది చాలు. కన్నతండ్రి మాటా మరిచిపోకు. పరిశోధకులు కూడా అతణ్ని పట్టించుకోవడం తక్కువే. కానీ పిల్లకి అతనూ కావాలి.

ఈ మాటలు నీ ఒక్కదాని నోటి నుంచే రాకూడదు. అల్లుడుగారు కూడా చెప్పాలి. ఇలాంటి సంగతులు ఆడవాళ్లకి వదిలేయడం మన ఇళ్లలో మగవాళ్లకి అలవాటు. నాన్న ఆ విషయం వస్తే లేచి వెళ్లిపోతాడని పిల్ల గమనించిందో, ఇందులో ఏదో సిగ్గుపడేది ఉందని తేల్చేసుకుంటుంది.

కాగితాలు జాగ్రత్త. కలెక్టరు ఇచ్చిన దత్తత ఉత్తర్వు, పాప వివరాల నివేదిక, వైద్య పరీక్షల నివేదిక, శిశుగృహలో తీసిన ఫోటోలు, ఒంటిమీదున్న మొదటి గౌను, అన్నీ ఒక చోట పెట్టు. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం, పెద్దయ్యాక తన మూలాలు తెలుసుకోవాలని పాప అడగవచ్చు. పద్దెనిమిది నిండకపోతే మీతో కలిసి అడగాలి. మూడోమనిషికి ఆ హక్కు లేదు. తన వివరాలు బయటపెట్టొద్దని కన్నతల్లి కోరుకుని ఉంటే ఆ మాటనూ గౌరవిస్తారు. ఏ సంగతి తెలిసినా తెలియకపోయినా, ఆ వెతుకులాటలో నువ్వు పక్కన ఉంటావన్న నమ్మకం పాపకి ఇప్పట్నుంచే ఉండాలి.

ఒక హద్దు కూడా చెబుతాను. నిజం చెప్పమన్నాను కదా అని వీధిలో అందరికీ చెప్పొద్దు. పాపను ఎవరు కన్నారు, ఎందుకిచ్చారు అన్నది పాప సొంత సంగతి. పెద్దయ్యాక ఎవరికి చెప్పుకోవాలో తనే తేల్చుకుంటుంది. ఎవరైనా ఆరా తీస్తే, "మా పాప అండీ" అను, చాలు.

బారసాలకి వచ్చే పెద్దవాళ్లతో ముందే మాట్లాడు. "ఎవరి రక్తమో", "అదృష్టం కొద్దీ మీ ఇంట పడింది" లాంటి మాటలు ఆ పూట ఎవరూ అనకూడదని నేనూ చెబుతాను. మీ అత్తగారితో నేనే విడిగా కూర్చుంటాను, ఆ పని నాకు వదిలెయ్. నువ్వు మాత్రం ఆ రోజు పీటల మీద కూర్చున్నప్పుడు, ఎక్కడున్నా ఆ తల్లి చల్లగా ఉండాలని మనసులో ఒక మాట అనుకో. పాప పుట్టినరోజు వచ్చినప్పుడల్లా ఆ మాట పాపకి వినబడేలా పైకే అను.

రేపెప్పుడో పిల్ల "నన్ను కన్నదెవరు?" అని అడిగిన రోజున, మీ ఇంట్లో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు. అడిగింది అడిగినట్టు, అన్నం వడ్డిస్తూనే జవాబు చెప్పగలగాలి. ఆ సాధన ఇవాళే మొదలుపెట్టు తల్లీ.

పాపకి ముద్దులు, మీ ఇద్దరికీ దీవెనలు.

మీ పెద్దమ్మ