నీ ఇష్టం

అమ్మ ఆ మాట అని కొన్ని నెలలైంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండా, "నీ ఇష్టం అమ్మా" అంది. శామీర్‌పేట దాటాక పెద్దవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళున్నాయి, నర్సులు 24 గంటలూ ఉంటారు, ఒక పదిహేను రోజులు ఉండి చూస్తావా అని నేనడిగితే వచ్చిన జవాబు అది. వెళ్తానంటే ఒక దారి, వెళ్ళనంటే ఇంకో దారి. ఆమె రెండూ అనలేదు. ఏం కూర చెయ్యమంటావని అడిగితే ఎవరింట్లోనైనా వినిపించే మాటే. మా ఇంట్లో మాత్రం దానికి వెనకటి కథ ఒకటుంది. అది చెప్పేముందు గడియ సంగతి చెప్పాలి.

అమ్మకి 81. నాన్న పోయాక పదకొండేళ్ళు తెనాలి మారిస్‌పేటలో సొంతింట్లో ఒక్కతే ఉంది. మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి స్నానాలగదిలో కాలుజారి పడింది. లోపల గడియ పెట్టుకుని ఉంది. పనమ్మాయి వచ్చి ఎంత పిలిచినా పలక్కపోతే పక్కింటి కుర్రాడు తలుపు విరగ్గొట్టాడు. అప్పటికి రెండు గంటల నుంచి తడినేల మీదే ఉంది. మణికట్టు విరిగింది, తుంటి దక్కింది. హైదరాబాదు తీసుకొచ్చేముందు నేను చేసిన మొదటి పని, వడ్రంగిని పిలిచి మా ఫ్లాటులో ఆమె వాడబోయే బాత్రూమ్ గడియ పీకించడం. అమ్మ వచ్చిన రోజు, స్క్రూలు ఊడిన ఆ నాలుగు చిల్లుల్నీ వేలితో తడిమి చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున స్నానానికి వెళ్ళగానే లోపల ఏదో ఈడ్చిన చప్పుడు. నీళ్ళు నిండిన బకెట్‌ని కాలితో నెట్టుకుంటూ వచ్చి తలుపుకి అడ్డం పెట్టుకుంటోంది. చేతికట్టు విప్పి వారం కాలేదు. వద్దమ్మా అన్నాను. "సరేలే" అంది. రోజూ ఆ చప్పుడు వస్తూనే ఉంది.

నేనూ మా ఆయనా ఎనిమిదింటికి బయల్దేరితే ఏడింటికి తిరిగొస్తాం. ఆ పదకొండు గంటలూ తొమ్మిదో అంతస్తులో అమ్మ ఒక్కతే. ఇంట్లో ఉండి చూసుకునే మనిషిని పెట్టాం. రెండు నెలల్లో ముగ్గురు మారారు. అన్నయ్య దగ్గరికి న్యూజెర్సీ వెళ్తే ఆరు నెలలు, తర్వాత మళ్ళీ ఇక్కడికే. అందుకే ఆ చోటు చూసొచ్చాను.

చేర్చుకునే ముందు ఒక నర్సు అమ్మ ఎదురుగా కూర్చుని ఫారం నింపింది. స్నానం తనంతట చేస్తారా, బట్టలు కట్టుకుంటారా, మరుగుదొడ్డికి వెళ్ళొస్తారా, మంచం మీంచి కుర్చీలోకి మారగలరా, మలమూత్రాలు పట్టులో ఉన్నాయా, అన్నం కలుపుకుని తింటారా. ఆరు ప్రశ్నలు. సిడ్నీ కాట్జ్ అనే అమెరికా డాక్టరూ ఆయన సహచరులూ 1963లో ప్రచురించిన కొలత ఇది. ఆ ఆరింట్లో మనిషి ఎన్ని సొంతంగా చేసుకోగలదో చూసి, ఏ గదిలో ఉండాలో, నెలకి ఎంత కట్టాలో తేలుస్తారు. ఆ కాగితంలో తప్పేమీ లేదు. ఎంత సాయం కావాలో తెలియాలంటే అలాగే అడగాలి. ఇక్కడికి రావాలని ఉందా అన్నది మాత్రం నర్సు అడగాల్సిన ప్రశ్న కాదు, నేను అడగాల్సింది. అడిగాను. జవాబు పైన చెప్పాను.

ఒక నోటుపుస్తకంలో మంచీ చెడ్డా రాసుకున్నాను. ఎడమపక్క నిండిపోయింది. మంచం పక్కన బెల్లు, గోడలకి పట్టుకునే కడ్డీలు, జారని నేల, వారానికోసారి డాక్టరు, ఫిజియో, ఉప్పు తగ్గించిన భోజనం, సాయంత్రం పలకరించడానికి ఈడువాళ్ళు. అర్ధరాత్రి పడితే రెండు నిమిషాల్లో మనిషి. కుడిపక్క రెండే రాశాను. ఒకటి తెనాలి. రెండోది డబ్బు. నెలకి 55 వేలు. అమ్మకి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ 24 వేలు, మిగతాది అన్నయ్యా నేనూ పెట్టుకోవాలి. మాకు అది భారమే, అయినా మొయ్యగలం. అమ్మకి అది ఎలాంటి భారమో ఆలోచిస్తే నా చెయ్యి ఆగిపోయింది. నలభై ఏళ్ళు నాన్న జీతంతో ఇల్లు నడిపిన మనిషి ఆమె. చీరల కొట్లో ముందు ధర చీటీ తిప్పి చూసి, ఆ తర్వాతే రంగు చూసేది. తన డబ్బు కాని చోట ఇష్టం చెప్పడం ఆమెకి ఎన్నడూ అలవాటు లేదు.

బంధువుల్లో కొందరు ఫోన్లు చేశారు. "కన్నతల్లిని హోమ్‌లో వేస్తావా?" అన్నారు. లాయరుగా పనిచేసిన పెద్దాయన ఒకరు 2007 నాటి చట్టం గుర్తుచేశారు. వృద్ధులైన తల్లిదండ్రుల్ని వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదంటే అయిదు వేల జరిమానా, ఒక్కోసారి రెండూ. నేను వదిలెయ్యడం లేదు. తిండి, మందు, మంచం, మనిషి, అన్నీ చూస్తున్నాను. ఏ ట్రిబ్యునలూ నన్ను తప్పుపట్టదు. దానివల్ల నాకు రవ్వంత ఊరట కూడా కలగడం లేదు. ఇక మన ఉమ్మడి కుటుంబాల్లో ఇలాంటివి ఉండేవా అని అడిగినవాళ్ళకి చెప్పేది ఒకటే. నేను ఆ కుటుంబంలోనే పుట్టాను. అక్కడ ఏం జరిగేదో కళ్ళారా చూశాను.

మా నాయనమ్మకి ముగ్గురు కొడుకులు. పెదనాన్న ఇల్లు గంగానమ్మపేటలో, చిన్న పెదనాన్నది కొత్తపేటలో, మాది మారిస్‌పేటలో. తాతయ్య పోయాక ఆమెకి వంతులు వేశారు. ఇంటికి ముప్ఫై రోజులు. ఒక రేకు పెట్టె, అందులో నాలుగు చీరలు, దుప్పటి, మందుల డబ్బా, తువ్వాల్లో చుట్టిన తాతయ్య ఫొటో. మూడిళ్ళలోనూ గోడకి ఆ ఫొటో కోసం ఒక మేకు ఉండేది. ఆమె లేని రెండు నెలలూ ఆ మేకు ఖాళీగా కనిపించేది. వంతు మారేది రిక్షాలో. చిన్నపిల్లలం కాబట్టి నాయనమ్మ వస్తోందంటే మాకు పండగ. పెద్దవాళ్ళ మధ్య ముప్ఫై ఒకటో తారీకు అనే చిక్కు ఒకటుందని మాకు తెలీదు.

1980 ఆగస్టు 31, ఆదివారం. మా వంతు ముందురోజుతో అయిపోయింది. నాన్న చిన్న పెదనాన్నకి కబురు పంపాడు. ఆయన ఒకటో తారీకున వస్తానన్నాడు. నాన్న చెడ్డవాడు కాదు. బడిపంతులు జీతంతో నలుగురం. లెక్క అంటే లెక్క అనేవాడు, అంతే. ఆ మాటలు చెవినపడి నాయనమ్మ పొద్దున్నే తానే పెట్టె సర్దుకుని, తాతయ్య ఫొటో మేకు మీంచి దింపించుకుని, వీధి అరుగు మీద కూర్చుంది. పన్నెండయింది. అమ్మ వెళ్ళి, "లోపలికి రండి అత్తయ్యా, భోజనం చేద్దురుగాని" అంది. నాయనమ్మ, "నీ ఇష్టం అమ్మాయ్" అంది. అని, అక్కణ్ణుంచి లేవలేదు.

ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళముందుంది. నోరు ఒప్పుకుంది, మనిషి కదల్లేదు. అమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి లోపలికొచ్చి రెండు కంచాల్లో అన్నం పెట్టుకుంది. రెండూ అరుగు మీదికి తీసుకెళ్ళింది. పెట్టెకి అటు నాయనమ్మ, ఇటు అమ్మ. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నారు. మా అమ్మ వీధిలో కూర్చుని అన్నం తినడం అంతకుముందు గాని ఆ తర్వాత గాని నేను చూడలేదు. మజ్జిగన్నం దాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. చీకటిపడ్డాక నాన్న వెళ్ళి పెట్టె లోపలికి తెచ్చాడు. అప్పుడు లేచింది నాయనమ్మ. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ అమ్మ తనలో తాను అనుకున్నట్టుగా అంది: "ఆ మాట నా నోటంట రాకుండా పోవాలి దేవుడా."

నలభై అయిదేళ్ళ తర్వాత వచ్చింది. నా ముందు, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

తెలియక అందా? తెలిసే అందా? ఒకరోజు నింద అనుకుంటాను. అరుగు మీది పెట్టెని నాకు గుర్తుచేసిందనుకుంటాను. మరోరోజు అలసట అనుకుంటాను. అరవై ఏళ్ళపాటు ఎవరికి ఏది వండాలో, ఏ పిల్లకి ఎప్పుడు పెళ్ళి చెయ్యాలో తేల్చి తేల్చి, ఇక ఒక్క సంగతి ఎవరైనా తేలిస్తే బావుండుననుకుందేమో. అదే నిజమైతే, నువ్వే చెప్పు నువ్వే చెప్పు అని ఆమెని వేధించడం నా స్వార్థం. ఆమె చేత వెళ్తాను అనిపించుకుంటే నా గుండె తేలికపడుతుందన్న ఆశే అందులో ఉంది.

ఈమధ్య ఇలాంటి చోట్లని కొత్త వానప్రస్థం అంటున్నారు. నాకు ఆ పోలిక గిట్టదు. వానప్రస్థానికి వెళ్ళినవాళ్ళు తామే లేచి వెళ్ళారు. తిక్కనగారి భారతంలో ఆశ్రమవాస పర్వం చూడండి. ధర్మరాజు ఏలుబడిలో పదిహేనేళ్ళు గడిపాక ధృతరాష్ట్రుడు అడవికి పోతానంటాడు. ఏలేది తమ్ముడి కొడుకు కాబట్టి ఆ ముసలాయన అనుమతి అడగాల్సి వచ్చింది. వ్యాసుడు వచ్చి చెబితే గాని ధర్మరాజు సరేననలేదు. కుంతి ఎవర్నీ అడగలేదు. గెలిచిన కొడుకుల్ని, రాజభవనాన్ని వదిలి, గాంధారి చెయ్యి తన భుజం మీద వేయించుకుని నడిచింది. కొడుకులు వెంటపడి బతిమాలారు. ఆగలేదు. చివరికి నీ ఇష్టం అన్న మాట అక్కడ కొడుకులకే మిగిలింది. తర్వాత కార్చిచ్చు వచ్చింది, ఆమె అందులో పోయింది. ఆ కథ ఎన్నిసార్లు విన్నా, కుంతిని బలవంతంగానైనా ఆపాల్సిందని నాకు అనిపించలేదు.

మరి మా అమ్మ తెనాలి వెళ్ళిపోతానంటే ఊరుకుంటానా? ఊరుకోను. ఆ తడినేల, ఆ రెండు గంటలు తలుచుకుంటే ఊరుకోలేను. అక్కడే నా తర్కం ఆగిపోతోంది. వెళ్ళనన్న జవాబుకి నా దగ్గర చోటే లేనప్పుడు నేను అడిగింది ప్రశ్నేనా? ఆమె వెళ్ళనని ఉంటే ఇంకో వారం ఆగి మళ్ళీ అడిగేదాన్ని. ఆ తర్వాత అన్నయ్య చేత అడిగించేదాన్ని. అమ్మకి అది తెలుసు. నన్ను కన్నది ఆమె. నీ ఇష్టం అన్నప్పుడు ఆమె నన్ను నిందించనూ లేదు, ఒప్పుకోనూ లేదు. ఉన్న సంగతి చెప్పింది. ఇది నీ ఇష్టం, నాది కాదు. ఇన్నాళ్ళూ ఆ మాటలో లేని మెలికల కోసం వెతికాను.

జూన్‌లో పదిహేను రోజులు ఉండి రావడానికి వెళ్ళింది. లేచి, తానే నడిచి కారెక్కింది. నాయనమ్మలా కూర్చుండిపోలేదు. అందులో నాకు కొంత ధైర్యం వెతుక్కున్నాను, నిజమే. ప్రతి ఆదివారం వెళ్ళాను. బాగా చూసుకుంటున్నారు. పిల్లలు, అంటే ఆ నర్సులు, మామ్మగారూ అని పిలుస్తున్నారు. రాజమండ్రి నుంచి వచ్చిన ఒకావిడతో స్నేహం కుదిరింది. రోజూ మధ్యాహ్నం ఇద్దరూ వరండాలో కూర్చుని ఊరగాయల గురించి వాదించుకుంటున్నారు. "అమ్మగారు బాగా అలవాటుపడ్డారు మేడమ్" అన్నారు మేనేజరు. అలవాటుపడటం నిజం. అలవాటుపడింది కాబట్టి రావాలనే వచ్చిందని అనుకోవడానికి మాత్రం నా మనసు ఒప్పలేదు. అల్మరా తెరిచి చూశాను. చీరలన్నీ సూట్‌కేసులోనే ఉన్నాయి.

రెండో ఆదివారం ఉంటావా అని అడగదలుచుకోలేదు. ఏం కావాలమ్మా అని మాత్రం అడిగాను. నీ ఇష్టం అనలేదు. బాత్రూమ్ వైపు చూసింది. పక్కకి జరిపే తలుపు, గడియ లేదు. హ్యాండ్ షవర్, ప్లాస్టిక్ కుర్చీ. బకెట్ లేదు.

"గడియ పెట్టిస్తారేమో అడుగు" అంది.

రెండు గంటలు గడియ వెనక పడి ఉన్న మనిషి అడిగిన కోరిక అది. ముందు నాకు భయం వేసింది. తర్వాత సిగ్గేసింది, మా ఇంట్లో ఆ నాలుగు చిల్లులు గుర్తొచ్చి. కొన్ని నెలలుగా ఈమెకి ఇష్టం అనేది మిగిలిందా అని నేను పుస్తకాలూ పురాణాలూ వెతుకుతుంటే, ఆమె రోజూ పొద్దున కాలితో బకెట్ ఈడ్చి నాకు వినిపిస్తూనే ఉంది. ఆమె ఎక్కడ ఉండాలన్నది నేను తేల్చేశాను, అది మారదు. ఆ గదిలో తలుపు ఎవరు వెయ్యాలన్నది ఇంకా తేలలేదు. ఆమె దాన్ని పట్టుకుంది.

మేనేజరుతో గంటసేపు మాట్లాడాను. లోపల గడియ ఉంటే మనిషి పడినప్పుడు ప్రాణం మీదికి వస్తుందన్నారు. నేను కూడా అదే అన్నానని ఒప్పుకున్నాను. ఈ అసిస్టెడ్ లివింగ్ అన్నదానికి దారి వేసినవాళ్ళలో ఒకరైన కెరెన్ బ్రౌన్ విల్సన్ కథ చెప్పాను. ఆమెకి 19 ఏళ్ళప్పుడు తల్లికి పక్షవాతం వచ్చింది, నర్సింగ్ హోమ్ బతుకు తప్పలేదు. తల్లి అడిగినవి తన గది, తన తలుపు లాంటివే. 1983లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో విల్సన్ తెరిచిన పార్క్ ప్లేస్‌లో ముసలివాళ్ళ గదులకి తాళాలున్నాయి. ఎవరు లోపలికి రావాలో వాళ్ళే చెప్పేవారు. తాళం తీసేస్తే ఇక మిగిలేది పాత నర్సింగ్ హోమేనండీ అన్నాను. నా గొంతు వణికింది. లోపల గడియ, అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తీసేలాంటివి హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతాయి, నేనే కొనిస్తానన్నాను. పైవాళ్ళతో మాట్లాడి మంగళవారం చెప్తానన్నారు.

ఇవాళ సోమవారం. పొద్దున ఆరున్నరకి అమ్మ ఫోన్ చేసింది. పిల్లలెలా ఉన్నారని గాని, టిఫిన్ చేశారా అని గాని అడగలేదు.

"అడిగావా?" అంది.