చేతులు కట్టుకున్న డ్రమ్మర్

1973 నవంబరు 23 రాత్రి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌హెబౌ సంగీత మందిరంలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బృందం కచేరీ చేస్తోంది. నడుమ ఒకచోట, ముందుగా ఏమీ అనుకోకుండా, ఆశువుగా ఒక వాద్యఖండం మొదలైంది. డేవిడ్ క్రాస్ వయొలిన్ మీద సన్నని నాదం ఒకటి తీశాడు. జాన్ వెటన్ బేస్ గిటార్ దాని పక్కకు చేరింది. రాబర్ట్ ఫ్రిప్ మెలోట్రాన్ అనే కీబోర్డు మీద వేణువును తలపించే స్వరాలు కలిపాడు. డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ చేతిలో కర్రలు సిద్ధంగానే ఉన్నాయి. కానీ అతను వాయించలేదు. ఆ కర్రలను గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఐదున్నర నిమిషాల పైచిలుకు ఖండంలో ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

తర్వాతి ఏడాది వచ్చిన ‘స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్’ ఆల్బమ్‌లో ఆ ఖండం ‘ట్రియో’ పేరుతో చేరింది. ట్రియో అంటే ముగ్గురి వాద్యం. స్వరకర్తలుగా మాత్రం నలుగురి పేర్లూ వేశారు. అక్కడ చేయి కలపకుండా ఉండటమే బ్రూఫర్డ్ చేసిన రచన అని తోటివాళ్లు గుర్తించారు.

తెలుగులో ‘చేతులు కట్టుకు కూర్చున్నాడు’ అంటే తిట్టు. పని జరుగుతుంటే పట్టించుకోనివాణ్ణి అనే మాట అది. ‘ఊరకున్నంత ఉత్తమం లేదు’ అన్న సామెతా ఉంది గానీ, అది గొడవల్లో తల దూర్చవద్దని చెప్పే జాగ్రత్త. బ్రూఫర్డ్ కూర్చున్న తీరు ఈ రెండింటికీ చెందదు. అతను ఆ సంగీతాన్ని మిగతా ముగ్గురికంటే ఎక్కువగా విన్నాడేమో అనిపిస్తుంది. చేతిలో కర్రలుండి, ఎదురుగా డ్రమ్స్ ఉండి, ఏ క్షణమైనా అందుకునే వీలుండి, ప్రతి క్షణమూ వద్దనుకోవడం చిన్న శ్రమ కాదు.

కర్ణాటక కచేరీలు వినేవారికి ఇలాంటి దృశ్యం కొత్త కాదు. రాగాలాపన సాగుతున్నంతసేపూ మృదంగ విద్వాంసుడు వాద్యం మీద చేతులు ఆనించి, తల పంకిస్తూ కూర్చుంటాడు. ఆ మౌనం సంప్రదాయం ముందే ఇచ్చిన చోటు. ఎప్పుడు మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో అందరికీ తెలుసు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అలాంటి కట్టుబాటు లేదు. పైగా రాక్ బృందంలో డ్రమ్స్ ఆగడమంటే ఇంట్లో కరెంటు పోయినట్టే. అందుకే ఆ నిర్ణయానికి అంత బరువు.

అది ఒక్క రాత్రిలో వచ్చిన వివేకం కాదు. బ్రూఫర్డ్ 1972లో, మంచి పేరుతో వెలుగుతున్న యెస్ బృందాన్ని వదిలి ఇందులోకి వచ్చాడు. అప్పుడు అతని పక్కన ఇంకో లయవాద్యకారుడు ఉండేవాడు. పేరు జేమీ మ్యూర్. గొలుసులు, రేకులు, బొమ్మలు, చేతికందిన ప్రతిదాన్నీ వాద్యంగా మార్చేవాడు. సంగీతం నీ కోసం లేదు, నువ్వే సంగీతం కోసం ఉన్నావన్న ఎరుక తనకు మ్యూర్ వల్లే కలిగిందని బ్రూఫర్డ్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. ‘లార్క్స్ టంగ్స్ ఇన్ ఆస్పిక్’ అనే ఆల్బమ్‌కు ఆ వింత పేరు పెట్టింది కూడా మ్యూరే. 1973 మార్చిలో ఆ రికార్డు బజారుకు వచ్చేసరికి అతను బృందంలో లేడు. వేదిక మీద గాయపడ్డాడని బయటికి చెప్పారు. నిజానికి అతను స్కాట్లండ్‌లోని ఒక బౌద్ధ ఆశ్రమానికి వెళ్లిపోయాడు. అదే నెలలో జరిగిన బ్రూఫర్డ్ పెళ్లి విందులో, యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్‌కు పరమహంస యోగానంద రాసిన ‘ఒక యోగి ఆత్మకథ’ గురించి చెప్పింది ఈ మ్యూరే. ఆ పుస్తకంలోని ఒక పాదసూచిక నుంచి యెస్ బృందం నాలుగు పక్కల పెద్ద ఆల్బమ్ పుట్టుకొచ్చింది. వదిలి వెళ్లేవాడు వెళ్తూ వెళ్తూ ఒక బృందానికి మౌనాన్ని, ఇంకో బృందానికి మహావాచాలతను ఇచ్చి వెళ్లాడు.

ఆమ్‌స్టర్‌డామ్ రికార్డులో ఇంకో మౌనం కూడా ఉంది. అది వాయించేవారిది కాదు, వినేవారిది. ఆ ఆల్బమ్‌లో చాలా భాగం కచేరీల్లో పట్టిన టేపుల నుంచే వచ్చింది. కానీ చప్పట్లను, జనం అలికిడిని జాగ్రత్తగా తీసేశారు. 1974లో ఎల్పీ కొన్నవారిలో చాలామంది అదంతా స్టూడియోలో చేసిన పనే అనుకున్నారు. అందులో ‘ది నైట్ వాచ్’ అనే పాట ఉంది. రెంబ్రాంట్ వేసిన అదే పేరుగల చిత్రం గురించిన పాట అది. ఆ చిత్రం ఉన్న రైక్స్ మ్యూజియానికీ, ఆ రాత్రి కచేరీ జరిగిన మందిరానికీ మధ్య ఉన్నది ఒక్క మైదానమే. 1715లో ఆ చిత్రాన్ని ఆమ్‌స్టర్‌డామ్ పురభవనానికి తరలించినప్పుడు, అక్కడి గోడకు పట్టడం కోసం నాలుగు వైపులా అంచులు కోసేశారు. ఆ కోతతో ఎడమవైపున్న మనుషులు కొందరు మాయమయ్యారు. నడవాల్సిన దళం కాస్తా నిలబడిపోయినట్టు కనిపించింది.

ఆల్బమ్‌లో కోసిన అంచు జనం. ఆ అంచు ఎందుకు ముఖ్యమో 1997లో తెలిసింది. ఆ రాత్రి కచేరీ మొత్తాన్ని ‘ది నైట్ వాచ్’ పేరుతోనే రెండు సీడీలుగా విడుదల చేశారు. చప్పట్లు తిరిగి వచ్చాయి. ఎల్పీలో ‘ట్రియో’ ఎక్కడో గాలిలో పుట్టి గాలిలో కలిసిపోయినట్టుంటుంది. సీడీలో అదే ఖండం వందల మంది ఊపిరి బిగబట్టిన చోట పుడుతుంది. బ్రూఫర్డ్ ఒక్కడే కాదు, మందిరం మొత్తం వాయించకుండా కూర్చుంది. ఏది అసలు రికార్డు? ఈ వ్యాసకర్త చాలాకాలం ఎల్పీ పక్షమే. ఇప్పుడు సీడీ వైపు మొగ్గుతున్నాడు. మౌనం ఎంతమందిదో తెలిసినప్పుడు దాని విలువ పెరుగుతుంది.

నిజానికి ఈ బీజం మొదటి ఆల్బమ్‌లోనే ఉంది. 1969 జనవరిలో సాధన మొదలుపెట్టిన బృందం, జూలై 5న లండన్ హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్‌కు ముందు వాయించి, అక్టోబరు 10న ‘ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్’ను జనంలోకి వదిలింది. అట్ట ముందువైపు అక్షరం ముక్క లేదు, ఆల్బమ్ పేరూ లేదు, బృందం పేరూ లేదు. అట్టంతా పరుచుకుని అరుస్తున్న ఒక ముఖం, అంతే. దాన్ని గీసిన బారీ గాడ్బర్ ఒక కంప్యూటర్ ప్రోగ్రామర్. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, 24 ఏళ్లకే గుండెపోటుతో చనిపోయాడు. అతను గీసిన ఆల్బమ్ అట్ట అదొక్కటే.

ఆ ఆల్బమ్ అనగానే అందరూ మొదటి పాట ‘ట్వంటీఫస్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్’ గురించే మాట్లాడతారు. దాని హోరు అలాంటిది. ‘మూన్‌చైల్డ్’ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 12 నిమిషాల ఆ రచనలో రెండు నిమిషాలు దాటాక పాట ఆగిపోతుంది. ఇక అక్కడి నుంచి గిటార్, వైబ్రఫోన్, డ్రమ్స్ ఒకదాన్నొకటి వింటూ, ఒక చుక్క ఇక్కడ ఒక చుక్క అక్కడ పెడుతూ పోతాయి. ముగ్గు వేయడానికి ముందు చుక్కలు మాత్రమే పెట్టి వదిలేసినట్టు. విసుగని పక్కనపెట్టినవాళ్లు ఎందరో. 2009లో ఫ్రిప్, స్టీవెన్ విల్సన్ అనే సంగీతకారుడు కలిసి ఆల్బమ్‌ను కొత్తగా మిక్స్ చేసినప్పుడు దాదాపు మూడు నిమిషాలు కోసేశారు. అది పొరపాటు. ఆ చుక్కల మధ్య ఖాళీలోనే ‘ట్రియో’కు కావాల్సిన ఓర్పు తయారైంది. సృష్టించినవాడికే ఆ కోత పెట్టే హక్కున్నా, వినేవాడికి పాత ప్రతిని దాచుకునే హక్కుంది.

1969 డిసెంబరులో అమెరికా యాత్ర ముగిసేసరికి ఆ తొలి బృందంలోని ఇయాన్ మెక్‌డొనాల్డ్, మైకేల్ జైల్స్ తప్పుకుంటామన్నారు. మీరుండండి, నేనే వెళ్లిపోతానన్నాడు ఫ్రిప్. వాళ్లు ఒప్పుకోలేదు. ఆ తర్వాత రెండేళ్లు మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. 1970లో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, ఒక్క కచేరీ జరగలేదు. ఆ కాలపు రికార్డుల్లో అందమైన ఘట్టాలు చాలానే ఉన్నాయి గానీ, అందరూ ఒకేసారి మాట్లాడుతున్న ఇంట్లోకి వెళ్లినట్టుంటుంది.

1974 వేసవికి వచ్చేసరికి, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాయించిన నలుగురిలో క్రాస్ కూడా వెళ్లిపోయి ముగ్గురు మిగిలారు. లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో ‘రెడ్’ ఆల్బమ్ పని మొదలైంది. అంతకుముందే ఫ్రిప్‌కు జె.జి. బెనెట్ అనే ఆధ్యాత్మిక బోధకుడి ప్రసంగ పాఠం చేతికి అందింది. అది అతణ్ణి లోపల కదిలించింది. స్టూడియోలో తన అభిప్రాయం చెప్పడం మానేశాడు. ఇది బాగుందా, అది మారుద్దామా అని వెటన్, బ్రూఫర్డ్ అడిగితే, మీ ఇష్టమన్నట్టు ఊరుకున్నాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. బ్రూఫర్డ్ మౌనం, ఫ్రిప్ మౌనం ఒకటేనా? కాదు. వేదిక మీద బ్రూఫర్డ్ ఊరుకుంటే మిగతా ముగ్గురికీ చోటు దొరికింది. స్టూడియోలో ఫ్రిప్ ఊరుకుంటే మిగతా ఇద్దరి మీదా భారం పడింది. బృందాన్ని ఐదేళ్లు నడిపినవాడు పెదవి విప్పకపోతే, పక్కవాళ్లకు అది స్వేచ్ఛగా కంటే పరీక్షగా అనిపిస్తుంది. పెద్దవాళ్లు ‘నీ ఇష్టం’ అన్నప్పుడు అది ఎంత బరువైన మాటో తెలుగిళ్లలో పెరిగిన ఎవరికైనా తెలుసు. మౌనాన్ని మెచ్చుకునే ముందు అది ఎవరికి ఏమి మిగిల్చిందో చూడాలి.

అయినా ఆ భారం కింద నుంచే ఈ బృందం రికార్డులన్నిటిలోకీ గొప్పది వచ్చిందని ఈ వ్యాసకర్త నమ్మకం. ‘రెడ్’ చివర 12 నిమిషాల ‘స్టార్‌లెస్’ ఉంది. పాట ముగిశాక మధ్య భాగంలో, 13 మాత్రల ఆవృత్తం మీద వెటన్ బేస్ అడుగులు వేస్తుంటే, ఫ్రిప్ గిటార్ ఒకే స్వరాన్ని పట్టుకుని మీటుతూ పోతుంది. చాలాసేపటికి ఒక మెట్టు పైకి. మళ్లీ అదే ఓపిక. ఎన్ని స్వరాలైనా కురిపించగల వేళ్లు అవి. వాటికి తెలిసినదాన్నంతా ఆపి, ఆ ఒక్క స్వరం దగ్గరే నిలబెట్టాడు. చేయి అందుకోకపోవడం, చేయి ఒకేచోట నిలబడటం దగ్గరి బంధువులు. ఆల్బమ్ వెనక అట్ట మీద ఒక మీటరు బొమ్మ ఉంటుంది. ముల్లు ఎర్రగీత దాటి ఉంటుంది. దాచుకున్న బలమే ఆ ముల్లును అక్కడికి నెట్టింది.

రికార్డు 1974 అక్టోబరులో వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందే, సెప్టెంబరు చివర్లో, బృందం ఇక లేదని ఫ్రిప్ తేల్చేశాడు. బ్రిటన్ పట్టికలో ఆ ఆల్బమ్ 45వ స్థానంలో ఒకే ఒక్క వారం నిలిచింది. వెటన్ ఇంకా ముందుకు పోదామనుకుంటున్న సమయం అది. ఆ బాధను తీసేసి ‘రెడ్’ వినడం న్యాయం కాదు.

1981లో అదే పేరుతో కొత్త బృందం. ఫ్రిప్, బ్రూఫర్డ్, వాళ్లకు తోడు ఇద్దరు అమెరికన్లు, ఏడ్రియన్ బెలూ, టోనీ లెవిన్. ఆల్బమ్ పేరు ‘డిసిప్లిన్’. ఈసారి నిగ్రహం ముందే రాసుకున్న నియమమైంది. సింబల్స్ జోలికి వీలైనంత పోవద్దని ఫ్రిప్ బ్రూఫర్డ్‌ను కోరాడు. డ్రమ్మర్‌కు అది వంటవాణ్ణి తిరగమోత పెట్టొద్దన్నట్టే. ఆ లోటు నుంచే కొత్త లయ పుట్టింది. సింబల్స్ తళుకు తప్పుకున్న చోట రెండు గిటార్ల అల్లిక స్పష్టంగా వినిపించింది. ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’లో ఒక గిటార్ ఏడేసి స్వరాల వరస రెండు సార్లు తిప్పి 14 చేస్తే, రెండోది ఒక స్వరం వదిలేసి 13కే తిరిగొస్తుంది. వదిలేసిన ఆ ఒక్క స్వరం వల్లే రెండూ విడిపోతాయి, దూరమవుతాయి, మళ్లీ కలుసుకుంటాయి. మిశ్రచాపులో ఏడు లెక్కపెట్టడం అలవాటైన చెవికి ఈ లెక్క వెంటనే అందుతుంది. కిటుకంతా తీసేసిన స్వరంలోనే ఉంది.

తర్వాతి కథ పొడుగైనదే గానీ, ఇక్కడ కావాల్సింది కొంచెమే. 2003లో ‘ది పవర్ టు బిలీవ్’ వచ్చింది. అది 13వ స్టూడియో ఆల్బమ్, చివరిది కూడా. 2014 నుంచి ఏడెనిమిది మంది బృందం, వేదిక ముందు వరసలో ముగ్గురు డ్రమ్మర్లతో ఊరూరా తిరిగింది. కొత్త స్టూడియో ఆల్బమ్ మాత్రం చేయలేదు. ఆ కచేరీల్లో ప్రేక్షకులు ఫొటోలు తీయకూడదన్నది నియమం. చివర్లో లెవిన్ తన కెమెరా బయటికి తీస్తే, అప్పుడు అందరూ తీసుకోవచ్చు. అప్పటిదాకా ఫోన్లు జేబుల్లోనే. బ్రూఫర్డ్ గుండెల మీద పెట్టుకున్న కర్రలకూ, ఆ జేబుల్లోని ఫోన్లకూ ఒక చుట్టరికం ఉంది.

2021 డిసెంబరు 8న టోక్యోలో ఆ ప్రయాణం ఆగింది. ఆ రాత్రి చివరగా వాయించింది ‘స్టార్‌లెస్’. గడియారం 9 దాటి నాలుగు నిమిషాలకు శబ్దం నిశ్శబ్దంలోకి చేరిందని బృందం ప్రకటించింది.

ఈ రికార్డుల్లోకి కొత్తగా అడుగుపెట్టేవారికి అందరూ 1969 నాటి ఆల్బమ్ నుంచి మొదలుపెట్టమనే చెబుతారు. అది మంచి దారే. వీలైతే ఒకసారి ‘ట్రియో’తో మొదలుపెట్టి చూడండి. ఇంట్లో అందరూ పడుకున్నాక, ఫ్యాన్ కట్టేసి వినండి. మొదట్లో ఏమీ వినిపించడం లేదనిపించి వాల్యూమ్ పెంచబుద్ధవుతుంది. పెంచకండి.